అమ్మలు చెప్పిన కథలు అచ్చు వేస్తున్నాం: యాస దిద్దాలా? పేరు వేయాలా? పెళ్ళాన్ని కొట్టే కథ ఉంచాలా?

ఉద్దానం టీచరమ్మ

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. మూడేళ్ళుగా చేస్తున్న ఒక పని తీరా చివరికొచ్చి ఆగిపోయింది. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా వైపు జీడితోటలు ఎక్కువ. పిక్కలు కొట్టడం, పొట్టు తీయడం, గుండు (విరగని పప్పు) వేరు బద్ద వేరు చేయడం, ఈ పనులన్నీ చాలావరకు ఆడవాళ్ళవే. పిక్క కొట్టినప్పుడు చిమ్మే రసం చేతుల్ని కాలుస్తుంది. వేళ్ళ చివర్లు నల్లబడి తోలు ఊడుతుంది. ఆ చేతులతో పొట్టు తీస్తూనే వాళ్ళు కథలు చెప్పుకుంటారు. ఈ సంగతి నాకు చాలాకాలం తెలియదు. ఎనిమిదో తరగతి పిల్లల్ని ఇంట్లో విన్న కథ ఒకటి రాయమన్నప్పుడు ఒకమ్మాయి అరపేజీ కథ రాసుకొచ్చింది. చదివి నేను చేసిన మొదటి పని ఎర్ర పెన్నుతో 'తప్పులు' దిద్దడం. 'ఏటి' కొట్టేసి 'ఏమిటి', 'నేదు' కొట్టేసి 'లేదు'. ఇంటికొచ్చి రాత్రి మళ్ళీ చదివితే ఆ పిల్ల రాసిందే బతికున్న వాక్యంలా ఉంది, నేను దిద్దింది కాదు. మర్నాడు క్షమించమని అడిగి, ఈ కథ ఎవరు చెప్పారమ్మా అంటే 'మా మామ్మ' అంది.

అలా మొదలైంది. ఏడుగురు ఆడవాళ్ళు, 31 కథలు, 12 పాటలు. అన్నీ ఫోనులో రికార్డు చేసి, విన్నది విన్నట్టు పొడుగు నోటుబుక్కుల్లో రాసుకున్నాను. తిత్లీ తుఫానుకి (2018) తోటలు పడిపోకముందు జీడిచెట్ల నీడలో కూర్చుని చెప్పుకునేవాళ్ళమని, ఇప్పుడు రేకుల షెడ్డులోనే అని వాళ్ళంటారు.

ఇప్పుడు అసలు ఇబ్బందులు.

ఒకటి, భాష. ప్రూఫులు చూడమని అనుభవమున్న ఒకాయనకు ఇచ్చాను. 'ఏటే గుంటా, ఎక్కడికెల్నావు' అన్నది 'ఏమే అమ్మాయీ, ఎక్కడికి వెళ్ళావు' అయి తిరిగొచ్చింది. పుస్తకమంతా అంతే. ఆయన చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. 'వేరే జిల్లాల వాళ్ళకు అర్థం కాదు, పైగా మన వాళ్ళను చూసి నవ్వుతారు' అన్నారు. ఆ రెండో మాట నన్ను వదలడం లేదు. మా పిల్లలు పట్నం కాలేజీల్లో చేరి, నోరు తెరిస్తే నవ్వుతారన్న భయంతో నెలల తరబడి మాట్లాడకుండా ఉండటం నాకు తెలుసు.

రెండు, పేరు. అందరికంటే బాగా కథ చెప్పే ఆవిడను మేమంతా అప్ప అంటాం. ఆ ఎనిమిదో తరగతి పిల్ల మామ్మ ఆవిడే. ఆవిడ కొడుకు స్కూలుకొచ్చి, 'మా అమ్మ పేరు వద్దండి. నలుగురి నోళ్ళలో పడటం దేనికి? తప్పదంటే మా నాన్న పేరు రాసి, ఆయన భార్య అని వెయ్యండి' అన్నాడు. ఇంకో రెండిళ్ళలో కూడా ఇదే మాట. 'సేకరణ అని మీ పేరు ఒక్కటీ వేసుకుంటే గొడవే లేదు కదా' అని మా స్టాఫ్‌రూములో సలహా. ఏడుగురు చెప్పిన కథలకు నా పేరా? రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

మూడు, ఒక కథ. అప్ప చెప్పిందే. ఒకాయనకు పశువుల మాటలు అర్థమవుతాయి. ఆ రహస్యం ఎవరికైనా చెబితే చచ్చిపోతాడు. ఎద్దు, గాడిద మాట్లాడుకునేది విని ఒకరోజు నవ్వుతాడు. ఎందుకు నవ్వావని పెళ్ళాం పట్టుబడుతుంది. చెప్పి చచ్చిపోదామనుకునే వేళకి పెరట్లో కోడిపుంజు, 'ఇన్ని పెట్టల్ని నేను ఏలుతున్నాను, వీడు ఒక్కదాన్ని అదుపులో పెట్టలేడు' అంటుంది. ఆయన కర్ర తీసి కొడతాడు, ఆమె ఇంకెప్పుడూ అడగదు. కథ కంచికి.

నేను ఈ పుస్తకం వేసేదే మా ఆడపిల్లల కోసం. పది అయ్యాక చదువు ఆగిపోయి పెళ్ళిపీటలెక్కిన పిల్లల్ని పన్నెండేళ్ళుగా చూస్తున్నాను. వాళ్ళమ్మ మాట, వాళ్ళ మామ్మ తెలివి పాఠంగా అచ్చులో కనిపిస్తే తమ మీద తమకు గౌరవం కలుగుతుందని నా ఆశ. అలాంటి పుస్తకంలో ఈ కథ ఎలా పెట్టను? తీసేస్తే అప్ప చెప్పినదాన్ని దాచినట్టు. మారిస్తే అబద్ధం.

నా దగ్గర 30 వేలు ఉన్నాయి. పుస్తకం మేమే వేసుకోవాలి. ఏం చేయమంటారు?

పాత పుస్తకాల మనిషి

అమ్మా, ముందు పేరు సంగతి. మీకు ముద్దుపళని గురించి గుర్తుచేయాలి.

18వ శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి. 'రాధికా సాంత్వనము' రాసింది. అందులో తన గురించి, తన ఇంటి ఆడవాళ్ళ గురించి, వాళ్ళ విద్య గురించి పద్యాల్లో తనే చెప్పుకుంది. తర్వాతి కాలంలో ఆ కావ్యం అచ్చయినప్పుడు ఆ పరిచయమూ, మరికొన్ని పద్యాలూ లేకుండానే వచ్చింది. ఒక ఆడమనిషి 'నేను ఫలానా' అని చెప్పుకున్న చోటే కత్తెర పడింది. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు వ్రాతప్రతి సంపాదించి, పోయినవన్నీ తిరిగి చేర్చి 1910లో వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించారు. మరుసటి ఏడే ప్రభుత్వం అశ్లీలమని పుస్తకాన్ని పట్టుకుంది. నిషేధం పోవడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది, మళ్ళీ అచ్చు 1952లో. 

ఆ కావ్యం శృంగారం, మీది పిల్లల పుస్తకం, పోలిక ఎందుకు అనుకోకండి. పేరు ఒకసారి పోతే వెతికి తెచ్చేందుకు ప్రతి ఊళ్ళో ఒక నాగరత్నమ్మ ఉండదు. అప్ప పేరు ఇప్పుడు వేయకపోతే యాభై ఏళ్ళ తర్వాత అవి 'ఉత్తరాంధ్ర జానపద కథలు'. ఎవరివీ కాని కథలు.

ఇంకోటి. మీరు కొడుకు ఏమన్నాడో రాశారు. అప్ప ఏమందో రాయలేదు. ఆవిడను అడిగారా?

ఓరుగల్లు బిడ్డ

టీచరమ్మా, ఆ ప్రూఫులు వెనక్కి ఇచ్చేయండి. దయచేసి.

మా అమ్మమ్మ నిరక్షరాస్యురాలు, ఆమె ఎట్ల మాట్లాడేదో నాకు ఇంకా చెవుల్లో ఉంది. ఆమె తరం ఆడవాళ్ళ మాట మొదటిసారి అచ్చులో నేను చూసింది 'మనకు తెలియని మన చరిత్ర'లో. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్ళు 1986లో వేశారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గరికి పోయి, కూర్చుని, టేపుల్లో రికార్డు చేసి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసిన పుస్తకం. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, ఇంకా ఎందరో. అంతకుముందు ఆ పోరాటం మీద పుస్తకాలు లేవా? ఉన్నాయి. వాటిల్లో ఆడవాళ్ళు అన్నం వండిపెట్టినట్టు, కబుర్లు మోసినట్టు ఒకటి రెండు లైన్లలో వచ్చిపోతారు. ఇందులో వాళ్ళే మాట్లాడతారు. పోరాటం అయిపోయాక ఇంటికి పొమ్మన్నప్పుడు ఏమనిపించిందో కూడా చెప్తారు. ఆ బాధ పుస్తకాల భాషలోకి మారిస్తే నీళ్ళు కలిపిన పాలే.

గోగు శ్యామల గారు కూర్చిన 'నల్లపొద్దు' కూడా చూడండి, 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవి ఎన్నో ఒక్కచోట ఉన్నాయి. మా కాలేజీ లైబ్రరీలో అది చేతికొచ్చిన రోజు నేను సాయంత్రం బస్సు తప్పిపోయిన, తెలియనే తెలియలేదు. మన మాట రాయొచ్చా, ఇట్ల కూడా పుస్తకం అయితదా అని ఆరోజే తెలిసింది నాకు.

నవ్వుతారని భయం అన్నారు. గిడుగు రామమూర్తి గారు మీ జిల్లా మనిషే కదా. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన మనిషి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర గిరిజనుల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ కథలు పాటలు రాసి పెట్టారు. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలన్నారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అని మీ స్కూల్లో కూడా జరుపుతారు కదా. మరి ఆ జిల్లా పిల్లల మాట ఆ జిల్లా టీచరు వేసే పుస్తకంలో లేకపోతే ఎట్ల?

అర్థం కాని మాటలకు కిందనే అర్థం ఇవ్వండి. వెనక పేజీల్లో వద్దు, ఎవ్వరూ తిప్పి చూడరు.

ఇద్దరు ఆడపిల్లల తల్లి

నేను వేరే మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. యాస ఉంచండి, పేర్లు వేయండి, సరే. కానీ ఆ కోడిపుంజు కథ తీసేయండి.

సంస్కృతి, యథాతథం అని పెద్దవాళ్ళం చర్చించుకోవచ్చు. పన్నెండేళ్ళ పిల్ల చదివేటప్పుడు పక్కన ఎవరూ ఉండరు. పుంజు చెప్పింది, ఆయన కొట్టాడు, ఆమె నోరు మూసుకుంది, అందరూ సుఖంగా ఉన్నారు. ఆ పిల్ల ఇంట్లో రోజూ జరిగేది అదే అయితే? ఇది మామూలే, కథల్లో కూడా ఉంది అనుకుంటుంది. నేను అలా అనుకునే పెరిగాను. మా ఇంట్లో ఈ కథే, కొంచెం తేడాతో, మా తాతయ్య చెప్పి నవ్వేవారు. మా నాయనమ్మ నవ్వేది కాదు. ఆవిడ ఎందుకు నవ్వదో నాకు పెళ్ళయ్యాక అర్థమైంది.

మీ పుస్తకంలో 31 కథలు. 30 వేస్తే ఏ సంస్కృతీ కూలిపోదు.

పాత పుస్తకాల మనిషి

అమ్మా, మీ నాయనమ్మ గారి మాట చదివి చాలాసేపు ఆగిపోయాను. మీ భయం సరైనదే. అయినా ఈ కథ గురించి రెండు విషయాలు చెప్పాలి.

ఇది ఒక్క ఉద్దానం కథ కాదు. వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో సుమంత్రుడు కైకేయిని తిడుతూ ఇదే చెబుతాడు. కైకేయి తండ్రికి జంతువుల మాటలు తెలుసు, చెబితే చావు. ఒకరోజు నవ్వాడు, భార్య ఎందుకని పట్టుబట్టింది, ఆయన ఆమెను వెళ్ళగొట్టాడు. 'నీ తల్లి బుద్ధే నీకూ వచ్చింది' అనడానికి ఆ కథ. అరేబియన్ నైట్స్‌లోనూ ఉంది, అక్కడ ఎద్దు, గాడిద, కోడిపుంజు, కర్ర అన్నీ అచ్చం అప్ప చెప్పినట్టే. అక్కడ ఆ కథ ఎవరు ఎవరికి చెబుతారో చూడండి. రోజుకొక అమ్మాయిని పెళ్ళాడి తెల్లారి చంపించే రాజు దగ్గరికి తాను వెళ్తానని షహ్రజాద్ అంటే, వద్దని ఆపడానికి తండ్రి చెప్పే కథ ఇది. ఆమె ఆగలేదు. వెళ్ళి వెయ్యిన్నొక్క రాత్రులు తన కథలు చెప్పింది.

అంటే ఆడవాళ్ళ నోరు మూయించడానికి దేశదేశాల్లో వాడిన కథ. దాన్ని దాచేస్తే ఇంట్లో తాతయ్యలు చెబుతూనే ఉంటారు. పక్కన ఇంకో కథ పెడితేనే దానికి జవాబు.

ఆ ఇంకో కథలు మన ఆడవాళ్ళ దగ్గర లేకపోలేదు. 'ఊర్మిళాదేవి నిద్ర' ఆడవాళ్ళు పాడుకునే పాట. వనవాసం అయ్యాక లక్ష్మణుడు వచ్చి నిద్రలేపితే ఊర్మిళ ఆయన్ను పోల్చుకోలేక, పరాయి ఆడదాని గదిలోకి వచ్చావు, మా వాళ్ళకు తెలిస్తే నీ గతేమిటని భయపెడుతుంది. పద్నాలుగేళ్ళు వదిలివెళ్ళినాయన ఆ మాటలు వింటూ నిలబడాల్సిందే. రాముడు పుట్టే పాటలో కౌసల్య నొప్పులు పడటం ఉంటుంది. యుద్ధం కంటే పురిటిల్లే ఎక్కువ చోటు తీసుకునే రామాయణం వాళ్ళది. మీ 12 పాటల్లో ఇలాంటివి ఉన్నాయేమో చూసుకోండి.

డీటీపీ తమ్ముడు

అక్కా, నేను సాహిత్యం మనిషిని కాను, పుస్తకాల లేఅవుట్ చేస్తాను. పని సంగతులు చెబుతా.

టైపింగ్ యూనికోడ్‌లో చేయించండి. ఇంకా చాలాచోట్ల అను ఫాంట్లలోనే చేస్తారు. పేజీ అందంగానే వస్తుంది గానీ రేపు ఆ ఫైలు ఫోనులో చదవాలన్నా, నెట్లో పెట్టాలన్నా అక్షరాలన్నీ చెదురుతాయి. మీ యాస మాటలు కన్వర్టరులో ఇంకా పాడవుతాయి, ఆ తప్పులు పట్టుకునేది మీరొక్కరే.

సైజు డెమ్మీ 1/8 పెట్టండి. పేజీల లెక్క 16తో భాగించేలా చూసుకోండి, ఫారాల లెక్క అది (ఒక కాగితం మీద కలిపి అచ్చయ్యే 16 పేజీలు ఒక ఫారం). 128 పేజీలంటే 8 ఫారాలు. 130 అయిందంటే ఇంకో ఫారం డబ్బు దండగ. ముందు తక్కువ కాపీలు డిజిటల్ ప్రింట్ చేయించి ఆ ఏడుగురి చేతుల్లో పెట్టండి, తప్పులు తేలాక పెద్ద సంఖ్యలో ఆఫ్‌సెట్‌కి వెళ్ళండి. ప్రతి కథ మొదట్లో ఒక క్యూఆర్ కోడ్ వేస్తే ఫోను పెట్టగానే అప్ప గొంతు వినిపిస్తుంది. చదవడం రాని వాళ్ళకు కూడా పుస్తకం అందుతుంది.

ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకాన్ని గుర్తించే నంబరు) డబ్బు కట్టకండి, ఎవరైనా అడిగితే నమ్మకండి. రాజా రామమోహన్ రాయ్ పేరుతో ఉన్న కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. పుస్తకం వచ్చాక, అచ్చయిన పుస్తకాలు లైబ్రరీలకు ఇవ్వాలన్న 1954 చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒకటి, చెన్నై కన్నెమరా, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకు ఒక్కొక్కటి పంపాలి. చాలామంది చిన్న ప్రచురణకర్తలు పంపరు. మీరు పంపండి. అప్ప పేరున్న పుస్తకం కోల్‌కతాలో భద్రంగా ఉంటుంది.

కథలు చెప్పిన వాళ్ళ దగ్గర ఒప్పుకోలు కాగితం తీసుకోండి. చదివి వినిపించి, వేలిముద్రో సంతకమో. అమ్మకాల్లో వాళ్ళ వాటా ఎంతో అందులోనే రాయండి.

ఉద్దానం టీచరమ్మ

అందరికీ ఒక్కసారే జవాబిస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. పరీక్షల డ్యూటీ అయ్యాక ఆదివారం షెడ్డుకి వెళ్ళాను.

పెద్దాయన అడిగిన ప్రశ్న నన్ను సిగ్గుపడేలా చేసింది. నిజమే, నేను అప్పను అడగలేదు. కొడుకు వద్దన్నాక ఆవిడను అడిగితే ఇంట్లో గొడవవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఈసారి అడిగాను. ఆవిడ పొట్టు తీయడం ఆపకుండానే అంది: 'బట్టీ (జీడి ఫ్యాక్టరీ) పుస్తకంలో నా పేరుంది. ఓటు కార్డులో ఉంది. డ్వాక్రాలో ఉంది. కత కాడికొచ్చీసరికి నేకపోడమేటి?'

కొడుకుతో ఆవిడే మాట్లాడింది. అతను మళ్ళీ స్కూలుకొచ్చాడు. కోపంగా లేడు. వాళ్ళ నాన్న కూడా వేసవి రాత్రుళ్ళు తోలుబొమ్మల కథలు చెప్పేవాడట, ఆ సంగతి ఒక్క ముక్క రాయమన్నాడు. తప్పకుండా రాస్తాను. మిగతా రెండిళ్ళలో ఒకరు ఒప్పుకున్నారు. ఇంకొకావిడ తనకు తానుగానే వద్దంది, కారణం చెప్పింది, అది ఇక్కడ రాయను. ఆవిడ కథల కింద 'పేరు వద్దన్న అమ్మ' అని వేస్తున్నాం. ప్రూఫులు పక్కన పెట్టేసి నోటుబుక్కుల నుంచి మళ్ళీ టైపు చేయిస్తున్నాను, యూనికోడ్‌లోనే. అర్థాలు ఏ పేజీవి ఆ పేజీ కిందే.

ఇక పుంజు కథ. ఇద్దరు ఆడపిల్లల తల్లి గారూ, మీరు రాసింది అప్పకు చదివి వినిపించాను, మీ నాయనమ్మ నవ్వేది కాదన్న మాటతో సహా. షెడ్డులో అందరూ చేతులు ఆపారు. అప్ప కాసేపాగి, 'నాను నీకు సెప్పినప్పుడు మా గుంటడు అరుగు మీద కూకున్నాడు కదేటి' అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. 'మగోళ్ళుంటే పుంజు కతే సెప్తాం. ఆడోళ్ళమే ఉంటే యేరే.'

చెప్పమన్నాను. రికార్డు చేశాను. కథ మొదలంతా అదే. ఎద్దు, గాడిద, నవ్వు. అక్కడి నుంచి ఆవిడ మాటల్లోనే ఇస్తున్నాను:

'ఏటి నవ్వినావు అని అడిగింది. సెప్తే సచ్చిపోతాను అన్నాడు. సచ్చిపోతే సెప్పకు, నాకేటి పని. నన్ను సూసి నవ్వినావా, నేదా, అదొక్కటి సెప్పు అంది. నిన్ను సూసి కాదు అన్నాడు. అయితే నెగు (లే), కూడు తిను అంది. తిన్నాడు. కత కంచికి.'

'మరి పుంజు?' అని అడిగాను.

'పుంజు గోల మనకేటికే?' అంది. పక్కన కూర్చున్న ఆవిడ మా అమ్మ కూడా ఇలాగే చెప్పేదంది. ఇంకొకావిడ ఎప్పుడూ విననేలేదంది, మళ్ళీ చెప్పించుకుంది.

డీటీపీ తమ్ముడూ, నీతో ఒక పని. ఈ రెండు కథలూ ఎదురెదురు పేజీల్లో రావాలి, పుస్తకం తెరిస్తే రెండూ ఒకేసారి కనిపించేలా. ఎడమవైపు 'అరుగు మీద చెప్పింది', కుడివైపు 'షెడ్డులో చెప్పింది' అని పైన ఉంటే చాలు, నా వ్యాఖ్యానం ఏమీ వద్దు. పుంజు కథ పొడుగు, రెండోది అందులో సగం. కుడి పేజీలో కింద మిగిలే ఖాళీని అలాగే వదిలేయొచ్చా, లేక అక్షరం సైజు పెంచాలా? ఎడమ పేజీ సరి సంఖ్య కావాలి కదా, ముందున్న పాటల్ని ఒక పేజీ జరపాల్సి వస్తుందేమో చూసి చెప్పు. 128 దాటకూడదు.